టూను అంటే మొదట కంచె

నమోదు 1

ఈ పొద్దున నా చెయ్యి గోడలోకి దిగిపోయింది.

తట్టానంతే. పనసకాయ పండిందో లేదో చూసినట్టు ఒక్కో వంతు దగ్గరా వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి, పలికిన తీరు ఈ పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. హిల్కె వంతు దగ్గర గోడ పలకలేదు. నానబెట్టిన అటుకుల్లోకి దిగినట్టు మణికట్టు దాకా మెత్తగా దిగింది. లాక్కుంటే వేళ్ళ నిండా చల్లటి తెల్లటి గుజ్జు. ఆ చెయ్యి నాదో కాదో అన్నట్టు చూసుకుంటూ నిలబడిపోయాను. నా ఎరుకలో ఈ గోడ బీటలిచ్చింది, పెచ్చులూడింది, ఓ ఏడాది అలిగి పెరగడం మానేసింది. మెత్తబడడం మాత్రం ఎప్పుడూ లేదు.

ఇది కట్టిన గోడ కాదు, పెరిగిన గోడ. ఆల్చిప్పకి ఇంకేదో అంటుగట్టి మా తాతల కాలపు శాస్త్రజ్ఞులు సముద్రం ఒడ్డున నాటారు. పొద్దున్నే గంజిలో గుల్లసున్నం కలిపి అరచేత్తో పట్టిస్తే బతుకుతుంది. కుంచెతో పట్టిస్తే పుచ్చుకోదు. అరచెయ్యే కావాలి, అదీ తనకు తెలిసిన అరచెయ్యి. కొత్త చేతిని నమ్మడానికి దానికి ఓ వర్షాకాలం పడుతుంది. అందుకే ఇంటికో వంతు, వంతుకో చెయ్యి.

వెనక హిల్కె గంజి తపేలాతో నిలబడి ఉంది. ఆమె తాతలు ఉత్తర సముద్రం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు. మాట మాత్రం అచ్చం గోదావరి నీళ్ళు.

"చూశారా బాబాయ్?"

"చూశానమ్మా."

"వారం బట్టి ఇలాగే ఉందండి. రెండు పూటలా పట్టిస్తున్నాను. నా చేతులు పుండ్లు పడ్డాయి గాని అది తాగట్లేదు. పుస్తకంలో రాసేస్తారా?"

"రాయకపోతే నా కూడు ఎవరు పెడతారు?"

"అమావాస్య పోటు దాటాక రాయండి."

"ఆ పోటుకి ఇది ఆగుతుందా?"

హిల్కె తపేలా దింపింది. కూర్చుని, నా చెయ్యి చేసిన కంతని గంజితో పూడ్చడం మొదలెట్టింది.

రాస్తున్నాను. హిల్కె వంతు: మెత్తన. ఈ ఒక్క మాటతో ఏం జరుగుతుందో ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వంతు నిలబెట్టుకోలేని మనిషి తన పారని ఆ చోట గుచ్చి, కట్టుబట్టలతో సముద్రం వైపు గుమ్మంలోంచి వెళ్ళిపోవాలి. తర్వాత ఆ పార పీకినవాళ్ళకి ఆ ఇల్లు, ఆ వంతు. ఇది ఉత్తరాది తాతలు తమ మునిగిపోయిన దేశం నుంచి మూటగట్టుకుని తెచ్చిన చట్టం. గుమ్మం అవతల బురద, మడ అడవి, పోటు. వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు.

నమోదు 2

గోడ సంగతులు తప్ప కబుర్లు రాయకూడదని గట్టు పెద్ద దిర్క్ గారి ఆజ్ఞ. ఊరి పేరు కూడా గోడ సంగతే కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఊరు టూను. పాత నరసాపురం ఎక్కడుండేదో ఇప్పుడు చేపలకే తెలుసు. దానికి కొంచెం ఇవతల. నా చదువు మూడో తరగతి. మిగతాది వంటింట్లో చదివాను. ఉత్తరాది వాళ్ళ గోడపని జట్లకి నేను ముప్పై ఏళ్ళు వండిపెట్టాను. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో భాష. పులుసు వడ్డిస్తూ అడిగేవాణ్ణి: టూను అంటే ఏమిటండీ? జర్మనీ బల్ల వాళ్ళు, మా వైపు దాన్ని త్సౌన్ అంటాం, కంచె అని అర్థం అన్నారు. డచ్చివాళ్ళ బల్ల దగ్గర అదే మాట తోట అయింది. నార్వే ముసలాయన, టూను అంటే ఇళ్ళ మధ్య వాకిలి అన్నాడు. ఐస్‌లాండు పిల్ల, కాదు, ఇంటి పక్కన గడ్డి పెంచే నేల అంది. ఇంగ్లీషువాడు తినడం ఆపకుండానే, పట్నం అన్నాడు. మాట ఒకటే. అయిదు బల్లలు, అయిదు అర్థాలు.

మొదట నలుగురు నాలుగు కర్రలు పాతి ఉంటారు. ఆ కర్రలకి ఒక పేరు. తర్వాత ఆ పేరు కర్రల్ని వదిలేసి లోపలికి నడిచింది. లోపలి పాదుకి, లోపలి వాకిలికి, ఆఖరికి లోపలున్న మనుషులందరికీ అదే పేరు. మనకి మాత్రం లేదా? సంస్కృతంలో వాటం అనే మాటకి కంచె కట్టిన చోటు అని అర్థం. అదే వాటిక అయి పూలతోట అయింది. వాడ అయి ఊళ్ళ పేర్ల చివర కూర్చుంది.

ఇదంతా మంగతాయారుకి చెప్పాను. నా భార్య చెల్లెలు. నా భార్య పోయాక నన్ను తిట్టే బాధ్యత తీసుకున్న మనిషి.

"మన తెలుగు మాట దొడ్డి కూడా అంతేగా బావగారూ," అంది గంజి తిప్పుతూ. "కంచె కట్టి గొడ్లని తోలే చోటు. తర్వాత పెరడు. రాయలసీమలో ఊళ్ళకి కూడా పేరట. ఆ తర్వాత అది ఎక్కడికి చేరిందో మీరే చెప్పండి."

"వాళ్ళ మాట పట్నానికి ఎదిగింది. మన మాట..."

"చెంబు పట్టుకుని ఎళ్ళింది."

హిల్కె నవ్వింది. వారంలో మొదటిసారి. తల్లి పోతే హిల్కెని మూడో ఏట నుంచి పెంచింది మంగతాయారే. ముగ్గురం సాయంత్రం దాకా మెత్తటి చోట గంజి పట్టించాం. తట్టే నా చెయ్యీ, గంజి కాచే మంగతాయారు చెయ్యీ గోడకి తెలియవు కాబట్టి అది మా గంజిని ముఖం మీదే కక్కేసింది.

"ఇది సోమాలు వంతుగా ముందు," అన్నాను. సంగాని సోమాలు నా పేకాట జతగాడు. చెయ్యి పడిపోయి, వంతు చెయ్యలేక, పార గుచ్చి వెళ్ళిపోయాడు. ఆ పార పీకింది హిల్కె.

"ఆయనకైతే పలికేది," అంది హిల్కె. "నన్ను సగమే నమ్మింది ఇది, ఇన్నేళ్ళూ."

నమోదు 3

ఇవాళ ఇంకో ఆరు వంతులు మెత్తబడ్డాయి. నా వేళ్ళు అబద్ధం చెబుతున్నాయేమోనని ఎడమ చేత్తో కూడా తట్టాను. ఆరూ సముద్రం వైపువే, హిల్కె వంతుకి అటు మూడు, ఇటు మూడు. గోడకి ఆనుకోబోయి, ఆనుకుంటే ఏమవుతుందో గుర్తొచ్చి మానుకున్నాను.

సభ పెట్టారు. దిర్క్ గారు మాట్లాడితే తెలుగు ఇస్త్రీ చేసినట్టుంటుంది.

"తెగులు ఒక చోట మొదలైంది. అక్కడ ఆపాలి. హిల్కె వంతు చేతులు మారాలి. అమావాస్యకి ముందే మారాలి."

"కొత్త చేతిని గోడ నమ్మేసరికి వర్షాకాలం దాటుతుందండి," అన్నాను. "అమావాస్య వచ్చే వారం."

"చట్టం వారాలు లెక్కపెట్టదు."

"ఆ పిల్లని బురదలోకి తోస్తే గోడ గట్టిపడుతుందా?"

"వీరభద్రం గారూ, మీకు మాటలంటే ఇష్టం గదా. మా ముత్తాతల భాషలో టూను అంటే మొదట కంచె. కంచె తర్వాతే ఇల్లు. కంచె తర్వాతే మనిషి. ఆ క్రమం తప్పిన రోజున మా దేశం మునిగింది."

"పక్క బల్ల మీద అది తోటండి."

"ఆ బల్లవాళ్ళ దేశం ముందు మునిగింది. మీరు మాటలు ఏరుకోండి. గోడ నేను చూసుకుంటాను."

దిర్క్ గారు చెడ్డవాడు కాదు. ఆయన రెండు అరచేతులూ నాకన్నా ఎక్కువ పగిలి ఉంటాయి. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

ఎవరూ ఇంకో మాట అనకముందే హిల్కె లేచి వెళ్ళింది. పార గుచ్చిన చప్పుడు సభ దాకా వినిపించలేదు. మెత్తటి గోడ కదా. మంగతాయారు మాత్రం విన్నట్టు కళ్ళు మూసుకుంది.

నమోదు 4

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుమ్మం తీశారు. ఇక్కడ ఒక మర్యాద చెప్పాలి. వెళ్ళే మనిషిని ఎవరూ చూడకూడదు. ఊరంతా వచ్చి, గుమ్మానికి వీపు పెట్టి నిలబడుతుంది. పోయే మనిషి సిగ్గు మన కళ్ళల్లో పడకూడదని. ఉత్తరాది వాళ్ళు దీన్ని గొప్ప దయ అనుకుంటారు. మనవాళ్ళూ బాగానే ఉందనుకుని పట్టేసుకున్నారు. చూసినవాడు వెళ్ళినవాళ్ళ వెంటే వెళ్ళాలి, అదీ చట్టమే. మనవైపు మర్యాద ఇంకోటి దానికి తోడైంది: అన్నం తిని బతికే గోడ కాబట్టి దానికి కాలు తగలకూడదు. పొరపాటున తగిలితే కళ్ళకద్దుకుంటాం. అందుచేత గోడెక్కి అవతల చూసినవాడు టూనులో లేడు. మా పడవలన్నీ వెనక కాలవ మీదుగానే తిరుగుతాయి.

హిల్కె వెళ్ళేముందు మంగతాయారు పాదాలు ముట్టుకుంది.

"అన్నం తిన్నావా?" అంది మంగతాయారు.

"తిన్నాను పిన్నీ. తిరగండి ఇంక."

అందరం తిరిగాం. మంగతాయారు భుజం నా భుజానికి తగిలి అదురుతోంది. వెనక బురదలో అడుగుల చప్పుడు. ఒకటి, ఆగి ఒకటి. సోమాలు వెళ్ళినప్పుడూ ఇలాగే విన్నాను. కథలు చెప్పేవాడికి ఒక రోగం ఉంటుంది, మధ్యలో వదిలేస్తే నిద్రపట్టదు. నా మెడ తిరిగింది. నేను తిప్పలేదు.

హిల్కె మోకాలి లోతు బురదలో ఉంది. మడ చెట్ల గుబురు దగ్గర పడబోయింది. ఆ గుబురులోంచి ఒక చెయ్యి వచ్చింది.

చెయ్యి వెనక మనిషి వచ్చాడు. తాటాకు గొడుగు టోపీ, నెరిసిన గడ్డం, పక్కకి వేలాడే కుడిచెయ్యి. ఎడమచేత్తో హిల్కెని పైకి లాగి, ఒక్క క్షణం మా వైపు, మా వీపుల వరస వైపు చూశాడు. నా ముఖం కనిపించింది అతనికి. సోమాలు. చచ్చిపోయాడనుకుని నేను ఏటేటా చుట్ట కాల్చి గట్టు మీద పెట్టే సోమాలు.

గుమ్మం మూశారు.

నమోదు 5

"ఎండదెబ్బ," అంది మంగతాయారు. "పుల్లమజ్జిగ తాగి పడుకోండి బావగారూ."

"టోపీ కూడా చూశాను."

"టోపీ అమ్మే కొట్టు కూడా చూసుంటారు."

అయినా పొద్దున్న నా వెనకే వచ్చింది. గోడ వంపు దగ్గర, ఎవరూ రాని చోట. చెప్పులు విప్పి, గోడని తాకి కళ్ళకద్దుకుని, చీర కుచ్చిళ్ళు దోపి, లెంపలు వేసుకుని, నాకన్నా ముందు ఎక్కింది. పైకి వెళ్ళాక ఆమె ఏమీ అనలేదు. మంగతాయారు ఏమీ అనకపోవడం నేను అంతకుముందు ఎరగను. అందుకు భయపడి గబగబా ఎక్కాను.

మడ చెట్ల అవతల తెల్లగా, పొట్టిగా ఇంకో గోడ. మా గోడకి చుట్టూ, నెలవంకలా, కనుచూపు మేర. దానికీ మా గోడకీ మధ్య గుడిసెలు, పొగలు, ఆరేసిన చేపలు, బీరపాదులు. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఎవరో ఎవర్నో తిడుతున్నారు, తెలుగులో.

నేను గోడ మీద కూర్చుండిపోయాను, కాళ్ళు పెట్టడమే తప్పయిన చోట ఏకంగా ఆసనం వేసుకుని. డెబ్బై ఏళ్ళు లోపల ఉన్నామనుకున్నాను. ఉన్నాం. కాకపోతే వాళ్ళ కంచె లోపల.

"వాళ్ళు బయట లేరు బావగారూ," అంది మంగతాయారు. "ఆ పాదు చూడండి. కాపు మీద ఉంది."

నమోదు 6

అవతలికి దిగాం. హిల్కె పరుగెత్తుకొచ్చి మంగతాయారుని పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఏడ్చారు. సోమాలు నాకు చుట్ట ఇచ్చాడు.

"ముసలాడివైపోయావు వీరభద్రం."

"నువ్వు చచ్చిపోయావు. నీకన్నా నయం."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అతను చెప్పింది ఇది. గుమ్మం దాటి వచ్చిన మొదటి పొద్దున, చెయ్యడానికి పని లేక, పంచె మడతలో దాచి తెచ్చుకున్న గుప్పెడు బియ్యం కాచి, గంజి మడచెట్టు మొదలుకి పట్టించాడు. ఎడమచేత్తోనే. అలవాటు పోదు గదా. పదిరోజులకి చెట్టు మొదట్లో తెల్లటి చిప్ప పట్టింది. అతనికన్నా ముందు వచ్చినవాళ్ళు అప్పటికే అక్కడక్కడ పట్టించుకుంటున్నారు. ముక్కలు పెరిగి ఒకదాన్నొకటి అందుకున్నాయి.

"మనం తప్పు అర్థం చేసుకున్నాం. పార పీకితే వంతు మారుద్ది అనుకున్నాం. గోడకి పారలూ ఇళ్ళూ తెలీవు. చేతులు తెలుసు. మా చేతులు ఎటొస్తే అటొచ్చింది. ఇదీ అదీ ఒకే ప్రాణం. అక్కడ కాళ్ళు ముడుచుకుని ఇక్కడ చాపుతోంది."

"అంటే మా గోడ..."

"అయిపోయింది. ఎంతమందిని పంపితే అంత తొందరగా అవుద్ది."

"ఒక్క కేక వెయ్యలేకపోయారా, ఇన్నేళ్ళూ?"

సోమాలు నా వైపు చూడలేదు. "గుమ్మం తీసినప్పుడల్లా వచ్చి నిలబడ్డాం. ప్రతిసారీ మీ వీపులే. వీపుతో ఏం మాట్లాడతాం?"

తర్వాత నన్ను నెలవంక మధ్యలోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడ లేదు. రెండు పడవలు పక్కపక్కన పట్టేంత కంత. ఇక్కడున్న ముప్పై నలభై మంది చేతులూ చాలక పూడలేదు. అమావాస్య పోటు అందులోంచి దూరి, నేరుగా హిల్కె పాత వంతు మీదకి వెళుతుంది. అవతల ఊరంతా పడుకుని ఉంటుంది.

"టూనులో ఉన్న చేతులన్నీ వస్తే?" అన్నాను.

"గోడకి తెలిసిన చేతులే గదా. పుచ్చుకుంటుంది. మూడు రోజులు చాలు." అని ఆగాడు. "దిర్క్ గారు ఒప్పుకుంటే."

హిల్కె అప్పటికే ఆ కంత అంచున కూర్చుని గంజి పట్టిస్తోంది. అరచెయ్యి తీసిన చోట తడి ఆరి, తెల్లబడుతోంది. ఆమె దాన్ని తాకి, చెయ్యి చూసుకుని, మళ్ళీ తాకింది. ఇన్నేళ్ళలో గోడ తన చెయ్యి పుచ్చుకోవడం ఆ పిల్ల అప్పుడే చూసింది.

నమోదు 7

సభలో చెప్పాను. మొత్తం, ఒక్క ముక్క దాచకుండా, నా జీవితంలో మొదటిసారి పక్కదారి పట్టకుండా.

దిర్క్ గారి ముఖం గోడ రంగుకి వచ్చింది. "మీరు చూశారు," అన్నారు. నేను చెప్పినదాంట్లో ఆయన చెవిన పడింది అదొక్కటే.

"చూశాను. పోటు మూడు రోజుల్లో ఉంది. అందరం అటు వెళితే..."

"అందరం వంతులు వదిలి?"

"వంతులు మనల్ని వదిలేశాయండి."

"మీరు చూశానంటున్నారు. ఇంకెవరు చూశారు?"

"నేను చూశానండి," అంది మంగతాయారు. "గోడెక్కి మరీ చూశాను."

ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. ఉత్తరాది ఇళ్ళవాళ్ళు కళ్ళు దించుకున్నారు.

"నమ్మకపోతే ఒకర్ని ఎక్కించి చూపించండి," అన్నాను.

"చూసినవాడు వెళ్ళిపోవాలి," అన్నారు దిర్క్ గారు. "ఎవర్ని ఎక్కించమంటారు? ఎవరి బిడ్డని?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన మొండితనం కాదది. ఆయనకి తెలిసిన ప్రపంచంలో కళ్ళు తెరవడమూ చచ్చిపోవడమూ ఒకటే. రేపు పొద్దున మా ఇద్దరికీ గుమ్మం తీస్తారు. మంగతాయారు ఇంటికొచ్చి ఆవకాయ జాడీ చీర చెంగులో కడుతోంది, కట్టుబట్టల్లో అదీ భాగమేనట. ఊరు నిద్రపోతోంది. ఈ ఊరు మునిగిపోతుంది, మర్యాదగా.

నమోదు 8

గుమ్మం తీశారు. ఊరంతా వచ్చింది, ఊరంతా తిరిగింది. మధ్యలో దిర్క్ గారి వీపు.

మేం మెట్లు దిగి బురదలోకి వచ్చాం. మడ చెట్ల ముందు సోమాలు, హిల్కె, మిగతావాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఇన్ని వీపుల ముందు నిలబడడం వాళ్ళకి అలవాటే. నాకు కొత్త. ఇంతమంది తెలిసినవాళ్ళు, ఒక్క ముఖం లేదు. వాళ్ళ మెడలూ తలకట్లూ నాకు తెలుసు, ఎవరి చొక్కా ఎవరిదో తెలుసు.

అరిస్తే తిరగరు. ఏడిస్తే అసలు తిరగరు, మర్యాద కదా. నాకొచ్చింది ఒకటే విద్య. బురదలో కాలు సర్దుకుని మొదలెట్టాను.

"అనగనగా ఒక మాట ఉండేదండి. టూను దాని పేరు. పొట్టి మాట. అది పుట్టడమే పెద్ద పట్నంగా పుట్టింది. మేడలు, బజార్లు, దీపాలు."

వీపులు కదల్లేదు. దిర్క్ గారి చెవులు మాత్రం కొంచెం వెనక్కి వెళ్ళినట్టనిపించింది.

"డచ్చివాళ్ళు దానికి కాసిన్ని నీళ్ళు పోశారు. తోటైంది. నార్వేవాళ్ళు దాన్ని ఊడ్చి ముగ్గు పెట్టారు. వాకిలైంది. అందరికన్నా ఆఖర్న, ఏమీ దొరక్క, దిర్క్ గారి ముత్తాతలు వచ్చారండి. అప్పటికి మిగిలింది నాలుగు పుల్లలు. వాటిని ఏరుకుని, ఇదిగో ఇది కంచె, టూను అంటే ఇదే అన్నారు. పాపం, ఆలస్యంగా వచ్చినవాళ్ళు."

చెవులు ఎర్రబడ్డాయి. మంగతాయారు నా పక్కన గొణిగింది: "ఇంకొంచెం."

"కాబట్టి తేలిందేమిటంటే, మొదట ఊరు. కంచె అన్నింటికన్నా చివర. ఇది అయిదు బల్లలవాళ్ళూ ఒప్పుకున్న..."

"తప్పు," అన్నారు దిర్క్ గారు.

మా వైపు తిరిగి అన్నారు.

"పూర్తిగా తప్పు. కంచె మొదలు. అన్ని భాషల్లోనూ కంచే మొదలు. దాని ముందరి పాత మాటకి కూడా కోట అనే..."

అక్కడ ఆగిపోయారు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది. ఆయన చూపు నా తల మీదుగా వెళ్ళింది. సోమాలు దగ్గర ఆగింది, పక్కకి జరిగింది, ఇంకో ముఖం దగ్గర ఆగింది. ఒక్కొక్కరినీ ఆయనే గుమ్మం తీసి పంపారు. పెదవులు ఒక్కో పేరుకీ కదులుతున్నాయి గాని శబ్దం లేదు. మెట్టు మీద అలాగే కూర్చుండిపోయారు.

"బతికే ఉన్నారా మీరంతా?"

సోమాలు టోపీ తీశాడు.

"ఆయ్, ఇక్కడే ఉన్నామండి. మీ వీపు బాగా వంగిపోయిందండి దిర్క్ గారూ, నేనొచ్చినప్పటికీ ఇప్పటికీ."

దిర్క్ గారి ఆ ముఖం ఊళ్ళో ఎవరూ చూడలేదు. కానీ ఆయన మాట అలా మధ్యలో తెగిపోవడం అందరూ విన్నారు. ముందు ఒక మెడ తిరిగింది. తర్వాత పక్కది. కేకలు లేవు. అంతమంది ఒక్కసారి ఊపిరి లోపలికి లాగిన చప్పుడు మాత్రం నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

నమోదు 9

పోటు వచ్చింది, వెళ్ళింది. పాత గోడ మధ్యాహ్నం కూలిపోయింది, చప్పుడు కూడా చెయ్యకుండా, ముసలి గేదె కూర్చున్నట్టు. కొత్త గోడ ఆగింది. ఊళ్ళో నీళ్ళు చీలమండ దాటలేదు. కంత పూడ్చిన చోట దిర్క్ గారిదీ సోమాలుదీ పక్కపక్క చేతులు. మూడు రోజులూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాలుగో రోజున దిర్క్ గారు గంజి పలచనగా ఉందన్నారు, సోమాలు కాదన్నాడు. ఇక బాగుపడతారు.

ఒక్కటి రాయాలి. ఇవాళ కొత్త గోడ పొడుగునా తట్టుకుంటూ వెళుతుంటే, సముద్రం వైపు ఒక చోట చెక్క పలికింది. చూస్తే తలుపు. మనిషి ఒంగి పట్టేంత చిన్న తలుపు, బయటికి తెరుచుకునేది. గొళ్ళెం ఇవతల ఉంది.

సోమాలుని పిలిచాను.

"ఇదెందుకు?"

"ఇంతవరకూ ఎవర్నీ పంపలేదు," అన్నాడు వెంటనే.

"ఎందుకు పెట్టారని అడిగాను."

అతను చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కారణం కోసం వెతుక్కుంటూ. "గోడన్నాక గుమ్మం ఉండాలి కదా," అన్నాడు ఆఖరికి. అని, తన మాట తనే విని, మడ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

హిల్కె వెనకే ఉంది. గంజి తపేలా దింపి, తలుపు అంచులకీ బందులకీ, ఆఖరికి గొళ్ళేనికి కూడా అరచేత్తో పట్టించడం మొదలెట్టింది. మంగతాయారు వచ్చి చూసి, కొంగు బిగించి పక్కన కూర్చుంది. నేను ఇది రాసేసరికి గొళ్ళెం మీద తెల్లటి పొర ఎక్కింది.

"రేపు ఎవరైనా బయటికి ఎళ్ళాలంటే?" అన్నాడు సోమాలు.

"గోడెక్కి ఎళ్ళనీ," అంది హిల్కె. "పైకెక్కి, అటూ ఇటూ చూసుకుని, అందరికీ చెప్పి దిగనీ."